నీరెండ పాటలు: వసంతానికి ఒక ప్లేలిస్ట్ కట్టడం ఎలా

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో మార్చి నెలాఖరులోనో ఏప్రిల్ మొదట్లోనో ఒక రోజు వస్తుంది. ఏ తేదీన వస్తుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే కర్టెన్ తీస్తే ఆకాశం నీలంగా ఉంటుంది, అంతే. మధ్యాహ్నానికల్లా కెల్విన్‌గ్రోవ్ పార్కులో పచ్చిక మీద కూర్చోడానికి చోటు వెతుక్కోవాలి. పద్నాలుగు డిగ్రీలకే మగవాళ్ళు చొక్కాలు విప్పేస్తారు. దానికి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు 'ట్యాప్స్ ఆఫ్'. బెజవాడలో పుట్టి పెరిగిన నేను మొదటి ఏడాది స్వెటర్ మీద జాకెట్ వేసుకుని ఆ జనాన్ని చూసి, వీళ్ళకేమైనా పిచ్చి పట్టిందా అనుకున్నాను. మూడో ఏడాదికి నేనూ ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి ఆ పచ్చిక మీదే ఉన్నాను, చెవిలో పాటలతో. చొక్కా సంగతి మాత్రం అడక్కండి.

ఆ సాయంత్రం హైదరాబాదులో ఉన్న మా చెల్లికి ఆ పాటల జాబితా పంపాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: "పాటలు బాగున్నాయక్కా. కానీ ఎండొచ్చిందని అంత సంబరమేంటి వీళ్ళకి? ఇక్కడ మేం మాడిపోతున్నాం."

అది చదివాకే నాకు అర్థమైంది, పాటలు పంపడం వేరు, ఆ పాటలు పట్టే పూట చూసి పంపడం వేరు అని. అప్పటి నుంచి ఏటా ఒక వసంతం లిస్టు కడుతున్నాను. కట్టే పద్ధతి ఇది.

మొదటి మెట్టు: ఎవరి ఎండ, ఏ పూట ఎండ?

ఇంగ్లీషు పాటల్లో 'సన్‌షైన్' అని వినపడగానే మనం 'ఎండ' అని అనువదించేసుకుంటాం. చిక్కంతా అక్కడే. మనకి ఎండ ఒకటి కాదు. లేత ఎండ ఉంది, నీరెండ ఉంది, ఎర్రటి ఎండ ఉంది, మండుటెండ ఉంది. ఈ పాటలన్నీ నీరెండ పాటలు. గ్లాస్గోలో డిసెంబరులో మధ్యాహ్నం మూడుముప్పావుకే పొద్దు కుంకుతుంది. అలా నాలుగు నెలలు గడిపినవాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి తిప్పుకుని, సాయంత్రం ఏడున్నరకి ఇంకా వెలుతురు చూస్తే ఎలా ఉంటుందో, ఆ పాటలు అలా ఉంటాయి. మన పాటల్లో ఆ చోటు వానది, వెన్నెలది, పిల్లగాలిది. ఎవరికి ఏది కరువో దాని మీదే పాట కడతారు.

అందుకే లిస్టు మొదలుపెట్టే ముందు కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: వినేది ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకి. డల్లాస్‌లోనో టొరంటోలోనో ఉన్నవాళ్ళకైతే మధ్యాహ్నం పిక్నిక్‌కి పనికొచ్చే పాటలు పెట్టొచ్చు. హైదరాబాదులో వినేవాళ్ళకైతే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఉండే పూట లెక్కపెట్టుకోండి. కేబీఆర్ పార్కు చుట్టూ నడిచే గంట అనుకోండి. చెల్లికి నేను చేసిన తప్పు అదే. ఏప్రిల్ నడిమధ్యాహ్నం మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తూ ఆ పాటలు విన్నదట పాపం.

నిడివి కూడా ఇప్పుడే తేల్చుకోండి. గంట దాటొద్దు. పదిహేను పాటలు చాలు. వంద పాటల లిస్టు ఎవరికైనా పంపితే అది సిఫారసు అవదు, సామాను దింపినట్టుంటుంది.

రెండో మెట్టు: ఒక్క పాటతో పందిరి గుంజ పాతండి

ముందే పదిహేను పాటలూ పోగుచేయకండి. ఈ ఎండకి ఇదే పాట అనిపించేది ఒక్కటి పట్టుకోండి. మిగతావన్నీ దాని పక్కన నిలబడగలవా అని చూసుకుంటూ పోవచ్చు. నేను మూడు పాటల్లో ఏదో ఒకటి ఎంచుకుంటాను.

ఒకటి, బీటిల్స్ వాళ్ళ 'హియర్ కమ్స్ ద సన్'. 1969 ఏప్రిల్‌లో జార్జ్ హారిసన్ వ్యాపార సమావేశాల గొడవ ఎగ్గొట్టి, స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో గిటార్ పట్టుకుని తిరుగుతూ కట్టిన పాట. ఎండ అంటే ఆఫీసుకి డుమ్మా అని అప్పుడే తేలిపోయింది. అందులో ఇంకో తమాషా ఉంది. మధ్యలో సూర్యుడి పేరు పదే పదే పిలిచే చోట తాళం వేసి చూడండి. హాయిగా నాలుగేసి దెబ్బలతో నడుస్తున్న పాట అక్కడ మూడేసి అక్షరాలుగా విరుగుతుంది. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న మనిషి చేతిలోంచి వచ్చింది కాబట్టి మృదంగం విన్న చెవికి అది కొత్తగా అనిపించదు, చుట్టం ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

రెండు, ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా వాళ్ళ 'మిస్టర్ బ్లూ స్కై', 1977. దీని గురించి వరస దగ్గర చెప్తాను, అక్కడ అవసరం.

మూడు, టెంప్టేషన్స్ బృందం 'మై గర్ల్'. 1964 డిసెంబరులో విడుదలై, 1965 మార్చిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నిజానికి ఇది ప్రేమపాట. వాతావరణం అందులో ఉపమానం మాత్రమే: బయట చలిగా ఉన్నా నా దగ్గర మే నెల ఉంది అంటాడు. బెజవాడ వాడికి ఆ మాట చెబితే నీకేం ఖర్మరా అంటాడు, అది వేరే సంగతి. పాట పుట్టింది డెట్రాయిట్‌లో. అక్కడ మే అంటే చెట్లు చిగురించే నెల.

ఈ పాట మొదట్లో వినిపించే గిటార్ పలుకు ఒకటికి రెండుసార్లు వినండి. ఆరు స్వరాలు మెట్లెక్కినట్టు పైకి పోతాయి: స రి గ ప ద స. మోహన రాగం ఆరోహణ, ఉన్నదున్నట్టు. చిన్నప్పుడు సంగీతం క్లాసులో మోహన వర్ణం నేర్చుకున్నవాళ్ళెవరైనా ఒక్కసారికే పట్టేస్తారు. మోహనానికి, వాళ్ళు మేజర్ పెంటటానిక్ అనేదానికి స్వరాలు ఒకటే. పాప్ పాటల్లో అది అడుగడుగునా తగులుతుంది. మన చెవి ఈ పాటలకి అనుకున్నంత పరాయిదేం కాదు.

మూడో మెట్టు: పాటలో ఎండ ఎక్కడుందో చెవితో పట్టండి

పాట పేరులో సన్ అనో స్ప్రింగ్ అనో ఉంటే సరిపోదు. వెతికేటప్పుడు నేను చూసేవి ఇవి.

ముందు వేగం. పదిహేను సెకన్లపాటు బీట్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మామూలు నడక నిమిషానికి వంద నుంచి నూట ఇరవై అడుగులు. ఆ దగ్గర్లో ఉన్న పాట నడకతో కలుస్తుంది. నూట అరవై దగ్గరికి వెళ్తే గంతులు వేయిస్తుంది. ఫారెల్ విలియమ్స్ 'హ్యాపీ' సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి, 'హ్యాపీ' మైనర్ స్కేల్‌లో ఉన్న పాట. మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే దుఃఖం అని పుస్తకాల్లో రాసే సూత్రాన్ని మరీ నమ్ముకోకండి. అందులో పని చేసేది చప్పట్లు.

చప్పట్లు, ఈల, గుంపుగా పాడే గొంతులు. ఈ మూడూ చేతిలో వాయిద్యం లేని మనిషి కూడా చేయగలిగినవి. విన్నవాడు తెలియకుండానే అందులో చేరిపోతాడు. స్టాక్‌హోమ్ బృందం పీటర్ బ్యోర్న్ అండ్ జాన్ 2006లో చేసిన 'యంగ్ ఫోక్స్' అంతా ఆ ఈల మీదే నడుస్తుంది. మీరు పాట మర్చిపోతారు గానీ ఈల మర్చిపోరు.

తర్వాత గిటార్ ధ్వని. వసంతానికి సరిపోయే గిటార్ గరగరలాడదు. తీగలు విడివిడిగా గలగలమంటాయి, గాజుల గలగలలా. వాళ్ళు దాన్ని జాంగిల్ అంటారు. గాజులు అనుకుంటే మనకి ఇట్టే గుర్తుంటుంది. న్యూయార్క్ కుర్రాళ్ళ బృందం వాంపైర్ వీకెండ్ 2008లో తెచ్చిన 'ఎ-పంక్' వినండి. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. ఆఫ్రికా గిటార్ల నడకని కాలేజీ పిల్లల హడావిడిలో కలిపేశారు.

ఆఖరున ఊపిరి. బిల్ విథర్స్ 'లవ్‌లీ డే' చివర్లో ఒక స్వరాన్ని పద్దెనిమిది సెకన్లు పట్టి నిలబెడతాడు. ఆయనతోపాటు మీరూ పట్టి చూడండి. నేను పదకొండు దగ్గర చేతులెత్తేశాను. పక్క బెంచీ మీద ముసలాయన చూసి నవ్వాడు.

నాలుగో మెట్టు: ఊరి పేరు పట్టుకుని వెతకండి

యాప్ చూపించే 'మీకు నచ్చేవి' వెంట వెళ్తే నాలుగో పాటకే అందరికీ తెలిసిన పది పాటల్లో పడతారు. నేను వెతికేవి ఎక్కువగా ఇండీ పాటలు. ఇండీ అంటేనే పెద్ద కంపెనీల చేతిలో లేని చిన్న లేబుల్, అంటే రికార్డులు వేసే సంస్థ, అని కదా. అందుకని లేబుల్ పట్టుకుని, ఊరు పట్టుకుని వెతకడమే దారి. పాట వివరాల్లో అడుగున లేబుల్ పేరు ఉంటుంది. దాన్ని నొక్కండి, లేదా విడిగా వెతకండి.

నేను ఉండేది గ్లాస్గో కాబట్టి నా ఊరి సంగతే చెప్తాను. ఇంత వాన కురిసే ఊరి నుంచి ఇంత ఎండ ఉన్న పాటలు ఎలా వచ్చాయా అని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు అనిపిస్తుంది, ఇక్కడి నుంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తాయి? 1979లో అలన్ హోర్న్ అనే కుర్రాడు ఇక్కడ పోస్ట్‌కార్డ్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ పెట్టాడు. దాని మొదటి రికార్డు ఆరెంజ్ జ్యూస్ బృందం 1980లో తెచ్చిన 'ఫాలింగ్ అండ్ లాఫింగ్'. వాయింపులో తడబాటు వినిపిస్తుంది, గొంతు అక్కడక్కడా తప్పుతుంది. అయినా హాయిగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన గ్లాస్గో గిటార్ పాటలన్నిటికీ అక్కడ వేరు ఉంది.

ఆ దారినే వెళ్తే మూడు పేర్లు తగులుతాయి. పక్కనే ఉన్న బెల్స్‌హిల్ నుంచి వచ్చిన టీనేజ్ ఫ్యాన్‌క్లబ్. వాళ్ళ 'ఎయింట్ దట్ ఇనఫ్', 1997. పొద్దుపొడుపు చూపించి ఇది చాలదా అని అడిగే పాట. నా లిస్టులో ఏ ఏడాదీ దీన్ని తీయలేదు. తర్వాత కెమెరా అబ్‌స్క్యూరా వాళ్ళ 'ఫ్రెంచ్ నేవీ', 2009. వయొలిన్ల గుంపు, డ్రమ్స్, వాటి మధ్య అమాయకంగా ఒక ఆడగొంతు. దాన్ని రికార్డు చేసింది మాత్రం స్వీడన్‌లో. అదీ చలిదేశమే, గమనించండి. మూడోది బెల్ అండ్ సెబాస్టియన్. వీళ్ళ మొదటి ఆల్బమ్ 1996లో ఇక్కడి స్టో కాలేజీలో సంగీత వ్యాపారం కోర్సు నడిపే లేబుల్ మీద వెయ్యి కాపీలు మాత్రమే వేశారు. కాలేజీ ప్రాజెక్టుగా ఆల్బమ్. మనకి రికార్డు రాయడమే ప్రాజెక్టు.

మన దేశంలో ఇదే రుచి కావాలంటే కొచ్చి బృందం వెన్ చాయ్ మెట్ టోస్ట్ దగ్గర దొరుకుతుంది. బాంజో మీద నడిచే తేలికపాటి పాటలు. తెలుగులో అచ్చంగా ఈ కోవలోది తక్కువే. హైదరాబాదు చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామా' ఒకటి నేను తప్పకుండా పెడతాను. పాటలో ఎండ లేదు. ఊరి మీద బెంగ ఉంది, ఆ బెంగని ఊగుతూ పాడటం ఉంది. పరాయి ఊళ్ళో నీరెండలో కూర్చున్నప్పుడు అది ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

ఐదో మెట్టు: మాటలు చదవకుండా ఏ పాటా పంపకండి

ఇది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్న మెట్టు. ఓ ఏడాది ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో పాటలు పెట్టే పని నాకప్పగించారు. హాలు నిండా పిల్లలు. పచ్చడి గిన్నెలు తిరుగుతున్నాయి. నేను హుషారుగా ఫాస్టర్ ద పీపుల్ వాళ్ళ 'పంప్డ్ అప్ కిక్స్' పెట్టాను. ఈల ఉంది, బేస్ గిటార్ ఉంది, వేగం దాదాపు నడకది. ఇంతకంటే ఏం కావాలి? రెండో చరణంలో ఉండగా స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ నా పక్కకొచ్చి, "ఈ పాట దేని గురించో తెలుసా అమ్మా?" అంది మెల్లగా. తుపాకీ దొరికిన కుర్రవాడి ఆలోచనలు ఆ పాట. తోటి పిల్లల్ని పరిగెత్తమంటున్నాడు, తూటా కంటే వేగంగా. నాలుగేళ్ళ పిల్లలు దానికి గంతులేస్తున్నారు. ఆపాను. వేపపువ్వు అప్పుడు తగిలింది నాకు.

పాటది తప్పు కాదు. రాసినవాళ్ళు కావాలనే ఆ తీపిని ఆ చేదు మీద పూశారు. తప్పు నాది, మాటలు వినలేదు. అవుట్‌కాస్ట్ 'హే యా!' కూడా అలాంటిదే. సంతోషం లేకపోయినా జంటలు కలిసి ఎందుకుంటాయి అన్నది అందులో ప్రశ్న. మీకు వినాలని లేదు, గెంతాలని ఉంది అని పాటలోనే దెప్పుతాడు. బెల్ అండ్ సెబాస్టియన్ 'అనదర్ సన్నీ డే' తోటలో కలుసుకోవడంతో మొదలై మనసులు విరగడంతో ముగుస్తుంది. మనకి తెలియని సంగతేం కాదిది. 'గీతాంజలి'లో వేటూరి 'ఆమని పాడవే' అంటూ వసంతాన్నే పిలిచారు, పాడుతున్నవాడు చావు దగ్గర పడ్డవాడు. ఆ పాటని వసంతోత్సవం పాట అని ఎవరైనా పెడితే మనం ఎలా చూస్తామో, ఆవిడ నన్ను అలా చూసింది.

ఇలాంటివన్నీ తీసేయమని కాదు నా ఉద్దేశం. ఒకటో రెండో ఉంటేనే లిస్టుకి ఉప్పు. కానీ పిల్లలున్న చోట, మనసు బాగాలేని మనిషికి పంపే చోట, మాటలు చదివి నిర్ణయించుకోండి. ఒక్కో పాటకి రెండు నిమిషాల పని.

ఆరో మెట్టు: వరస

'మిస్టర్ బ్లూ స్కై' సంగతి ఇక్కడ. ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రాకి పాటలు రాసే జెఫ్ లిన్, కొత్త పాటలు రాద్దామని స్విట్జర్లాండ్‌లో కొండ మీద ఇల్లు తీసుకుంటే రెండు వారాలు ముసురు, మంచు. ఒక్క పాటా రాలేదు. ఒకరోజు తెరలు తొలిగి ఎండ కాసింది, పాట వచ్చింది. కానీ ఆల్బమ్‌లో దాన్ని ముందు పెట్టలేదు. రెండు రికార్డుల ఆ ఆల్బమ్‌లో మూడో వైపంతా వాన రోజు కచేరీ అని పేరు పెట్టి, ముందు మూడు పాటలు ముసురులో నడిపించి, నాలుగోదిగా నీలాకాశం తెచ్చాడు. వైపు అయిపోయే ముందు యంత్రం గొంతుతో రికార్డు తిప్పమని కూడా చెప్పించాడు. ఆ పాటని విడిగా వందసార్లు విన్నాను. ఆ మూడూ విన్నాక వినడం వేరు.

కాబట్టి మొదటి పాటే గంతుల పాట పెట్టకండి. కాస్త మబ్బుగా ఉన్న రెండు పాటలతో మొదలుపెట్టండి. మూడోది కొంచెం తెరిపి ఇవ్వాలి. ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్ 'డాగ్ డేస్ ఆర్ ఓవర్' ఈ పనికి భలే పనికొస్తుంది. తీగల మీద నెమ్మదిగా మొదలై, చప్పట్లు అందుకుని, ఉన్నట్టుండి ఉప్పెనలా మీద పడుతుంది. దాని తర్వాత మూడు నాలుగు వేగంగా వెళ్ళొచ్చు. ఎనిమిదో పాట దగ్గర మళ్ళీ ఊపిరి తీసుకోనివ్వండి. 'లవ్‌లీ డే' నేను అక్కడే పెడతాను. ఒకే గాయకుడివి రెండు పక్కపక్కన వద్దు. ఈల పాటలు రెండు పక్కపక్కన అసలే వద్దు, రెండోది మొదటిదానికి ఎగతాళిలా ఉంటుంది.

ఏడో మెట్టు: బయటికి తీసుకెళ్ళి వినండి

గదిలో ఇయర్‌ఫోన్స్‌తో విన్న లిస్టు బయట వేరేగా ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద కింది స్వరాలు సగం పోతాయి. బేస్ మీద నిలబడ్డ పాటలు అక్కడ ఉత్త టకటకలే. గొంతు, గిటార్, చప్పట్లు మాత్రం గాలిలోనూ నిలుస్తాయి. 1960ల నాటి రికార్డింగుల ధ్వని ఇప్పటివాటి పక్కన తక్కువగా వినిపిస్తుంది కాబట్టి యాప్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసుకోండి. పాటకీ పాటకీ మధ్య క్రాస్‌ఫేడ్, అంటే ఒకటి తగ్గుతుండగానే ఇంకోటి అందుకోవడం, రెండు మూడు సెకన్లు చాలు. ఎక్కువ పెడితే పాటల మొదళ్ళు తినేస్తుంది, 'మై గర్ల్' మొదట్లోని మోహనం పోయిందంటే ఇంకేముంది?

నడుస్తూ వినండి. చేయి ఫోను మీదికి వెళ్ళిన ప్రతి పాటా తీసేయాల్సిందే, అది ఎంత గొప్ప పాటైనా. నేను ఇరవైతో బయల్దేరి పద్నాలుగుతో ఇంటికొస్తాను మామూలుగా.

ఎనిమిదో మెట్టు: పంపడం

ఉత్త లింకు పంపితే ఎవరూ వినరు. నేనూ వినను, మనలో మాట. వాట్సాప్‌లో లింకుతో పాటు మూడే మూడు ముక్కలు రాయండి: ఎప్పుడు వినాలో, ఏ పాట కోసం ఓపిక పట్టాలో, షఫుల్ ఆపమనీ. ఉదాహరణకి మా చెల్లికి ఈ ఏడాది రాసింది ఇది: "రేపు పొద్దున్న ఏడు లోపు, డాబా మీద, కాఫీతో. షఫుల్ ఆపు. ఆరో పాట మొదట్లో గిటార్ విని అదేం రాగమో చెప్పు."

అదే మాటకి ఆశపడి వింటారు జనం. బాగుందా అని మళ్ళీ మళ్ళీ అడగకండి. వారం ఆగి, ఏ పాట స్కిప్ చేశావు అని అడగండి. మొహమాటం లేకుండా చెప్తారు, వచ్చే ఏడాది లిస్టు అక్కడి నుంచి మొదలవుతుంది.

చెల్లి జవాబు ఏడూ పది నిమిషాలకే వచ్చింది. "మోహన. కాఫీ చల్లారిపోయింది. ఎండెక్కుతోంది, మిగతావి రేపు వింటా."